ఆరేళ్ళ పిల్లకు ఫొటోలు నేర్పాలంటే: ముందు బొమ్మలాట, తరవాతే కెమెరా

ఒక అమ్మగారు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా పాపకు ఆరేళ్ళు. ఫోను చేతికిస్తే ఆపకుండా ఫొటోలు తీస్తుంది. సగం ఊగిపోయి ఉంటాయి, మిగతా సగంలో తలలు తెగిపోయి ఉంటాయి. తెరను అడ్డంగా నిలువుగా మూడేసి భాగాలు చేసుకుని చూడమని చెప్పబోతే పారిపోతుంది. ఆటలాగా నేర్పే దారి ఏమైనా ఉందా? పిల్లల కెమెరా ఒకటి కొనమంటారా? ఫోను అలవాటవుతుందని మా మామగారు కోప్పడుతున్నారు."

నా వృత్తి పెళ్ళిళ్ళ ఫొటోగ్రఫీ. వేసవి సెలవుల్లో, దసరా సెలవుల్లో మా స్టూడియో మేడ మీద పిల్లలకు తరగతులు పెడుతుంటాను. ఐదేళ్ళ వాళ్ళ నుంచి పదేళ్ళ వాళ్ళ దాకా వస్తారు. మీరు చెప్పిన తెగిన తలలు నాకు బాగా పరిచయం.

సూటిగా జవాబు చెబుతాను. ఆరేళ్ళ పిల్లకు కంపోజిషన్ సూత్రాలు, అంటే ఫొటోలో ఏది ఎక్కడ ఉండాలన్న కూర్పు నియమాలు, చెప్పకండి. ఒక ఆట కట్టండి, ఆ ఆటలో కెమెరాకు ఒక పాత్ర ఇవ్వండి. "ఈ ఫొటో తీస్తున్నది నువ్వు కాదు, చీమ" అనండి చాలు, నేల మీద బోర్లా పడుకుని తీస్తుంది. "కెమెరాను కింద పెట్టి తీయమ్మా" అని పదిసార్లు చెప్పినా అంత బాగా తీయదు. కెమెరా మాత్రం కొనకండి. ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోను ఉంటే సరిపోతుంది. మొదటి కొన్ని రోజులు అది కూడా అక్కరలేదు.

ఎందుకంటే, ఏ వస్తువు ఎక్కడుండాలో మీ పాపకు ఇప్పటికే తెలుసు. బొమ్మలాట ఆడుకుంటున్నప్పుడు దూరం నుంచి గమనించండి. అమ్మ బొమ్మను పొయ్యి ముందు కూర్చోబెడుతుంది. చంటి బొమ్మను అమ్మకు ఆనించి పెడుతుంది. కుక్కపిల్లను కొంచెం ఎడంగా, మొహం అటు తిప్పి పెడుతుంది. ఎందుకని అడిగితే "అది అలిగింది" అంటుంది. ఎవరికి ఎవరు దగ్గర, ఎవరు ఎటు చూస్తున్నారు, మధ్యలో ఎంత ఖాళీ ఉంది అన్న లెక్క అంతా అందులో ఉంది. మేము పెళ్ళి మండపంలో చేసేదీ అదే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కెమెరా పట్టుకోగానే పిల్ల తనకు ఇష్టమైన వస్తువు ఒక్కదాన్నే చూస్తుంది. తెర నాలుగు అంచుల దాకా చూపు పోదు. కుక్కపిల్ల ముఖం కనిపించిందంటే ఆ పిల్ల మనసులో ఫొటో పూర్తయినట్టే. వెనక ఉన్న ఫ్యాను, పక్కన ఉన్న సగం చెప్పు, పైన తెగిపోయిన చెవి కంటికి ఆనవు. కాబట్టి మనం నేర్పవలసినవి రెండే. తెరకు అంచులు ఉన్నాయని గుర్తించడం ఒకటి. అదే వస్తువు ఇంకొక చోటు నుంచి ఇంకొక రకంగా కనిపిస్తుందని తెలుసుకోవడం రెండోది.

రెండోది పిల్లలకు కష్టమని చాలాకాలం అనుకున్నారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే మూడు కొండల నమూనా ఒకటి పిల్లల ముందు పెట్టి, అవతలి వైపు ఒక బొమ్మను కూర్చోబెట్టి, "ఆ బొమ్మకు కొండలు ఎలా కనిపిస్తాయి?" అని అడిగాడు. చిన్నపిల్లలు తమకు ఎలా కనిపిస్తున్నాయో ఆ చిత్రాన్నే చూపించారు. ఆ ప్రయోగం 1948లో అచ్చయింది. తరవాత 1975 ప్రాంతంలో మార్టిన్ హ్యూస్ అనే పరిశోధకుడు దాన్ని కొంచెం తిప్పాడు. కొండలు తీసేసి చిన్న గోడలు పెట్టాడు. పోలీసు బొమ్మలకు కనబడకుండా పిల్లవాడి బొమ్మను దాచమన్నాడు. మూడున్నర నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలే దాదాపు 90 శాతం సరిగా దాచారు. కొండలు ఎవరికి ఎలా కనిపిస్తే వాళ్ళకెందుకు? పోలీసుకు దొరక్కూడదంటే మాత్రం ఎంత చిన్నవాడికైనా పట్టుదల వస్తుంది. కథ చెప్పి ఆడించమని నేను పోరు పెట్టేది ఇందుకే.

ఇక ఆటల్లోకి వస్తాను. అన్నీ ఒకే రోజు పెట్టకండి. వారానికి ఒకటి కూడా ఎక్కువే.

శుభలేఖ కిటికీ. మన ఇళ్ళలో పాత శుభలేఖలకు కొదవ లేదు. ఒక గట్టి శుభలేఖ తీసుకుని మధ్యలో 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కిటికీ కత్తిరించండి. దారం కట్టి పాప మెడలో వేయండి. ఇదే మొదటి కెమెరా. ఆట ఏమిటంటే, ఈ కిటికీ లోపలిది ఒక ఇల్లు. పాప ఇంటి యజమానురాలు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని బయట ఉంచాలో ఆమె ఇష్టం. "పూలకుండీ లోపలికి రావచ్చు. చీపురు రాకూడదు. పిల్లి సగమే వస్తానంటోంది, ఏం చేద్దాం?" ఈ పిల్లి దగ్గరే అసలు పాఠం ఉంది. సగం పిల్లి చిత్రంలో ఉండాలా వద్దా అని ఆలోచించడం మొదలైందంటే అంచులు కనబడ్డట్టే.

కిటికీని కంటికి దగ్గరగా పెట్టుకుంటే ఇల్లు పెద్దదవుతుంది, ఊరంతా పడుతుంది. చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే ఇల్లు ఇరుకవుతుంది, ఒక్కరికే చోటు. జూమ్ అంటే ఏమిటో వేరే చెప్పే పని లేదు. కిటికీని నిలువుగా తిప్పితే మేడ, అడ్డంగా తిప్పితే రైలుపెట్టె. కొబ్బరిచెట్టు రైలుపెట్టెలో పడుతుందా, మేడలో పడుతుందా అని అడిగి చూడండి. పిల్లలు నవ్వుతూ చెబుతారు.

అట్ట కిటికీకి ఇంకొక లాభం కూడా ఉంది. నొక్కడానికి మీట లేదు కాబట్టి చూడటం తప్ప వేరే పని ఉండదు. ఫోను అయితే నొక్కడమే ఆట అయిపోతుంది.

చీమ, కాకి. నేలా బండా ఆట మనందరికీ తెలిసిందే. దాన్ని కొంచెం మార్చుకున్నాను. నేను "నేల" అని అరిస్తే పిల్లలంతా చీమలైపోయి కెమెరాను నేలకు ఆనించి తీయాలి. "బండ" అంటే అరుగో మెట్టో ఎక్కి కాకిలాగా కిందకు చూసి తీయాలి. ఒకే బొమ్మ, ఒకే చోటు. చీమ తీసిన ఫొటోలో గంగిరెద్దు బొమ్మ వెనక ఆకాశం ఉంటుంది, ఎద్దు కొండంత కనిపిస్తుంది. కాకి తీసిన ఫొటోలో దాని వెనక నేల తప్ప ఏమీ ఉండదు, బొమ్మ బుల్లిదైపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి "ఏ ఎద్దుకు నువ్వు భయపడతావు?" అని అడగండి. అంతకు మించి వివరించకండి.

ఆరేళ్ళ పిల్ల కళ్ళు ఇంచుమించు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. ఆమె నిలబడి తీస్తే పెద్దవాళ్ళ నడుములు, ముక్కుపుటాలే పడతాయి. మీరు "తలలు తెగాయి" అంటున్న వాటిలో చాలా భాగం ఇవే అయి ఉంటాయి. అది ఆమె రోజూ చూస్తున్న లోకం. అందులో తప్పేమీ లేదు. తలలు కూడా కావాలంటే ఆమెను స్టూలు ఎక్కించండి, లేదా మీరు కూర్చోండి.

ఈ చీమ చూపు గురించి తలచుకుంటే నాకు ఫ్రెంచి ఫొటోగ్రాఫరు జాక్ హెన్రీ లార్టిగ్ గుర్తుకొస్తాడు. 1894లో పుట్టాడు. ఏడెనిమిదేళ్ళకే తండ్రి కెమెరా ఇప్పించాడు. 1905లో, అంటే పది పదకొండేళ్ళ వయసులో, తన గదిలో నేల మీద ఆటబొమ్మ కార్లు పరిచి, కెమెరాను కూడా నేల మీదే పెట్టి ఒక ఫొటో తీశాడు. కార్లు నిజమైనవిలాగా బారులు తీరి, వెనక ఉన్న గది సామాను భవనాల్లాగా కనిపిస్తుంది. సూత్రాలు ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఆ కార్లతో రోజూ ఆడుకున్నవాడికి మాత్రమే తోచే చోటు అది. పెద్దవాడయ్యాక కూడా ఆ ఫొటో ఆయన మంచి చిత్రాల్లో ఒకటిగా నిలబడింది.

మూలల దొంగలు. దాగుడుమూతల్లో వెతికేవాళ్ళు చేసే పని ఇక్కడ కెమెరా పట్టుకున్నవాళ్ళది. ఫొటోకు నాలుగు మూలల్లో నలుగురు దొంగలు దాక్కుంటారని చెబుతాను. అవ్వ తల వెనక నుంచి మొలిచిన కరెంటు స్తంభం ఒక దొంగ. కుడివైపు తొంగిచూసే కుర్చీ కాలు ఇంకొకడు. లెన్సుకు అడ్డం పడిన తన వేలు అందరికంటే పెద్ద దొంగ. నొక్కే ముందు నాలుగు మూలలూ కంటితో చుట్టి "దొరికారు" అనాలి, ఒక అడుగు పక్కకు జరిగి దొంగను బయటకు పంపాలి. పక్కకు జరగడం అన్నది ముఖ్యం. పిల్లలు ఒకచోట పాతుకుపోయి నిలబడతారు. దొంగను తోలడానికి తాము కదలాలని తెలిస్తే సగం సమస్యలు తీరతాయి.

ఒక అబ్బాయి ఈ ఆటను తలకిందులు చేశాడు. దొంగల్నే ఫొటో తీస్తానన్నాడు. ఆ వారమంతా వాడి ఫొటోల్లో మధ్యభాగం ఖాళీ, అంచుల్లో మాత్రం చెవులు, తోకలు, కొంగులు, సైకిలు చక్రం ముక్కలు. వాళ్ళ నాన్నగారు దిగులు పడ్డారు. నాకు మాత్రం అవి ఎంతో నచ్చాయి. అంచుల మీద అంత శ్రద్ధ మా అసిస్టెంట్లకు కూడా లేదు.

కొలువు పెట్టడం. ఫొటో కూర్పు నేర్పడానికి సంక్రాంతి బొమ్మల కొలువును మించిన బడి నాకు కనబడలేదు. కొన్ని ఇళ్ళలో దసరాకు పెడతారు. మీ ఇంట్లో ఆనవాయితీ లేకపోయినా ఫరవాలేదు, రెండు పీటలు ఒకదాని మీద ఒకటి వేసి దుప్పటి కప్పితే కొలువే. కింది మెట్టు పూర్తిగా పాపకు వదిలేయండి. ఇసుక పోసి, ఆవాలు చల్లి మొలకెత్తిస్తే పొలం అవుతుంది, అద్దం ముక్క పెడితే చెరువు.

ఇక ప్రశ్నలు వేయండి. చెరువుకు వెళ్తున్న ఆవు బొమ్మ చెరువు వైపు చూడాలా, మన వైపు చూడాలా? బస్సు ముక్కుకు తెర అంచు తగులుతుంటే బస్సు ఎలా పోతుంది, ముందు కొంచెం దారి వదలాలి కదా? కల్లుగీత కార్మికుడి బొమ్మ వెనక ఏముంది? ఎర్ర దుప్పటి ముందు ఎర్ర చిలుక పెడితే చిలుక కనబడుతుందా? ఇవన్నీ మా పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లతో ఉన్న విషయాలే. పేర్లు వద్దు.

బొమ్మల్లో కూడా తేడాలున్నాయి. కొండపల్లి బొమ్మలకు ముఖం, చూపు, చేసే పని ఉంటాయి కాబట్టి కథకు అవి మంచివి. అంబారీ ఏనుగు ఒకటి ఉంటే ఊరేగింపు తయారు. ఏటికొప్పాక బొమ్మలు లక్కపూత వల్ల నున్నగా మెరుస్తాయి. కిటికీ పక్కన పెట్టి దగ్గరగా చూస్తే బొమ్మ పొట్టలో కిటికీ చిన్నదై కనిపిస్తుంది. ఆ మెరుపు ఏ పక్కన ఉందో చూసి వెలుతురు ఎటు నుంచి వస్తోందో పిల్లలు చెప్పేస్తారు. "బొమ్మ పొట్టలో కిటికీ ఎక్కడుంది?" అని అడగడం మా తరగతిలో ఒక ఆనవాయితీ అయిపోయింది.

వెలుతురు రాక్షసి. రాత్రి లైట్లు ఆర్పి ఒక టార్చి చాలు. బొమ్మ గడ్డం కింద నుంచి వేస్తే రాక్షసి. ఒక పక్క నుంచి వేస్తే ఏదో రహస్యం దాచిపెట్టిన మనిషి. వెనక నుంచి వేస్తే ఒట్టి నీడ. ఎదురుగా వేస్తే చప్పిడి ముఖం. ఫోను ఫ్లాష్ చేసే పని ఈ చివరిదే అని అప్పుడు తెలుస్తుంది, ఫ్లాష్ మీద మోజు దానంతట అదే పోతుంది.

తెల్ల పంచెను తెరలాగా కట్టి వెనక దీపం పెట్టి తోలుబొమ్మలాట ఆడించండి. అట్ట బొమ్మలైతే నల్లటి నీడలే పడతాయి. మన తోలుబొమ్మల్లో చర్మాన్ని వెలుతురు దూరేంత పలచగా తయారు చేసి రంగులు వేస్తారు కాబట్టి రంగులు కూడా కనిపిస్తాయి. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి బొమ్మ ఒకటి దొరికితే పక్కపక్కన పెట్టి చూపించండి. ఫోనులో ఆ తెల్ల పంచె మీద వేలు నొక్కిపట్టి వెలుతురు తగ్గిస్తే నీడ చిక్కగా వస్తుంది. ఈ ఒక్క మీట పని మాత్రం మీరు చేసిపెట్టండి.

పగటి వెలుతురు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం నాలుగున్నర తరవాత ఆడండి. మన ఎండలకు అదే పిల్లలకూ మంచిది, ఫొటోలకూ మంచిది.

గదంతా కెమెరా. ఇది ఒక్కసారి చేసినా పిల్లలు జన్మలో మరిచిపోరు. ఎండగా ఉన్న మధ్యాహ్నం, వీధి వైపు కిటికీ ఉన్న గదిని పూర్తిగా చీకటి చేయండి. కిటికీకి అట్టలు అడ్డం పెట్టి, సందులకు టేపు అంటించి, ఒక అట్టలో రూపాయి బిళ్ళ కంటే చిన్న రంధ్రం ఒకటి చేయండి. లోపల కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తరవాత ఎదురుగోడ మీద వీధి తలకిందులుగా ప్రత్యక్షమవుతుంది. ఆటో కప్పు మీద పాకుతూ పోతుంది. గోడ తెల్లగా లేకపోతే దుప్పటి కట్టండి. ఒకరు బయటకు వెళ్ళి ఎండలో చేతులు ఊపుతుంటే లోపలివాళ్ళ కేకలు వినాలి.

గది కుదరకపోతే చెప్పుల పెట్టె చాలు. ఒక వైపు గుండుసూది మొనతో అర మిల్లీమీటరు రంధ్రం, ఎదురువైపు గోడ కత్తిరించి అక్కడ బటర్ పేపరు, తల మీద ముసుగు. పెంకుటిళ్ళలో పెరిగిన తాతయ్యలు ఇలాంటిది చూసే ఉంటారు. పెంకుల సందులోంచి నేల మీద పడే గుండ్రటి వెలుగుచుక్కలు సూర్యుడి బొమ్మలే. పాక్షిక గ్రహణం రోజు అవి నెలవంకలవుతాయి.

అబద్ధం ఆడే ఫొటో. ఏడేళ్ళు దాటిన పిల్లలకు ఇది బాగా నప్పుతుంది. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ అనే ఊళ్ళో ఎల్సీ రైట్, ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్ అనే అక్కచెల్లెళ్ళ వరస పిల్లలు, పదహారేళ్ళ అమ్మాయి ఒకరు, తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకరు, కాగితం మీద దేవకన్యల బొమ్మలు గీసి, కత్తిరించి, టోపీ పిన్నులతో గడ్డిలో నిలబెట్టి ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ అంతటివాడు అవి నిజమని నమ్మి పత్రికలో వ్యాసం రాశాడు. కాగితం బొమ్మలని ఇద్దరూ ఒప్పుకున్నది 1983లో, ముసలివాళ్ళయ్యాక.

ఈ కథ చెప్పి మీ పిల్లల చేత కూడా బొమ్మలు గీయించండి. చీపురుపుల్లకు అంటించి తులసికోట దగ్గర గుచ్చండి. బొమ్మ కెమెరాకు దగ్గరగా, మనిషి దూరంగా ఉంటే బొమ్మ మనిషంత అవుతుంది. అరచేతిలో తాతయ్యను నిలబెట్టడం కూడా ఇదే కిటుకు. దగ్గర, దూరం, పరిమాణం అన్నవి ఒక్క మధ్యాహ్నంలో తెలిసిపోతాయి. కంటికి కనిపించిన ప్రతి ఫొటో నిజం కాదన్న సంగతి కూడా చేత్తో చేసి తెలుసుకుంటారు. ఈ రోజుల్లో అది ఫొటో తీయడం కంటే అవసరమైన విద్య.

ఊగిపోయే ఫొటోల సంగతి అడిగారు. పిల్లల "స్టాచ్యూ" ఆట ఉంది కదా, అదే మందు. ఇక్కడ విగ్రహం కావలసింది ఫొటో తీసేవాళ్ళు. రెండు చేతులతో ఫోను, మోచేతులు పొట్టకు ఆనించి, ఊపిరి బిగపట్టి, నొక్కాక మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి అప్పుడు కదలాలి. తెర మీద గుండ్రటి మీటకు చిన్న బొటనవేలు అందక ఫోను వాలుతుంది. చాలా ఫోన్లలో పక్కనున్న శబ్దం మీటతో కూడా ఫొటో తీయవచ్చు, అది నేర్పండి. ఇంకొకటి, ఆట మొదలయ్యే ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడిపించండి. నెయ్యి వేళ్ళ ముద్రలు ఉన్నంతసేపు ఏ ఫొటో అయినా పొగమంచులో తీసినట్టే ఉంటుంది. చేతికి తాడు కట్టడం మరవకండి.

మూడు భాగాల గీతల గురించి మీరు అడిగారు కాబట్టి చెబుతాను. ఎనిమిదేళ్ళ దాకా ఆగండి. అప్పుడు కూడా కొలతగా చెప్పకండి. నేల మీద సుద్దతో తొమ్మిది గదులు గీయండి, తొక్కుడుబిళ్ళ గీసినట్టే. రాజుబొమ్మను నడిమి గదిలో నిలబెడితే కొలువుతీరినట్టు ఉంటాడు. మూల గదిలో నిలబెట్టి మిగతా గదులు ఖాళీగా వదిలితే ఒంటరివాడవుతాడు, లేదా ఎవరికోసమో ఎదురుచూస్తుంటాడు. రెండూ పనికొచ్చేవే. నడుమ పెట్టడం తప్పని పిల్లలకు నూరిపోసే పెద్దలతో నాకు పేచీ ఉంది. గుళ్ళో మూలవిరాట్టును ఏ శిల్పీ పక్కకు జరపలేదు.

పిల్లలతో ఫొటోల గురించి మాట్లాడే తీరు మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, చాలామంది తల్లిదండ్రులు చెడగొట్టేది ఇక్కడే. ఫొటో చూపించగానే "అబ్బ, ఎంత బాగుందో" అనకండి. "అయ్యో, తల పోయిందే" అని కూడా అనకండి. మొదటిదానికి పిల్ల మీ ముఖం కోసం తీయడం మొదలుపెడుతుంది, రెండోదానికి తీయడం మానేస్తుంది. "ఇది తీసింది ఎవరు, చీమా, కాకా? ఇందులో ఎవరున్నారు? వీళ్ళు ఎక్కడికి వెళ్తున్నారు? ఇంటి బయట ఎవరిని వదిలేశావు?" అని అడగండి. జవాబు ఫొటోలో లేకపోతే పిల్లకే తెలుస్తుంది, పరుగెత్తుకెళ్ళి మళ్ళీ తీసుకొస్తుంది. మళ్ళీ తీయమని మీరు చెప్పకూడదు.

ఫొటోలను ఆమె కళ్ళ ముందు తొలగించకండి. వారానికొకసారి కూర్చుని, అన్నిటిలోంచి ఐదింటిని ఆమెనే ఎంచుకోనివ్వండి. దగ్గర్లోని స్టూడియోలో 4×6 సైజులో అచ్చు వేయించండి, కొద్ది రూపాయల పని. వాటిని నేల మీద వరసగా పేర్చి కథ చెప్పించండి. వరస మారిస్తే కథ మారుతుంది. ఎంచుకోవడంలో పిల్లలు మనకంటే కఠినులు. మనకు బాగున్నదాన్ని పక్కన పడేసి, మసకగా ఉన్నదాన్ని పట్టుకుంటారు. "ఇందులో పిల్లి పరుగెడుతోంది" అంటారు. నిజమే, పరుగెడుతోంది.

అందరు పిల్లలకూ కెమెరా పట్టుకోవాలని ఉండదు. మా దగ్గరకు వచ్చిన ఒక పాప ఎంత బతిమాలినా ఫోను ముట్టుకోలేదు. కానీ బొమ్మలను ఎక్కడ పెట్టాలో, టార్చి ఎవరు ఎటు పట్టుకోవాలో, ఎవరు చీమ కావాలో అంతా ఆమె ఆజ్ఞలే. మిగతావాళ్ళు మారు మాట్లాడకుండా తీసేవారు. ఆ జట్టు ఫొటోలే అందరికంటే బాగా వచ్చాయి. అలాంటి పిల్ల చేతిలో కెమెరా పెట్టాలని పట్టుబట్టకండి.

పిల్ల నిజంగా ఆటలో మునిగిపోయి ఉన్నప్పుడు కెమెరా ఊసు ఎత్తవద్దు. ప్రతి బొమ్మల పెళ్ళీ పాఠం కానక్కరలేదు. నాలుగేళ్ళ లోపు పిల్లలకైతే శుభలేఖ కిటికీ, టార్చి నీడలు, చీకటి గది, ఇంతే. పోటీలకు పంపడం పదేళ్ళు దాటాక ఆలోచించుకోవచ్చు.

మనుషుల్ని తీసేముందు "తీయనా?" అని అడగడం కూడా ఆటలో భాగం చేయండి. బొమ్మను కూడా అడగాలి, బొమ్మ తరఫున మీరు ఒక్కోసారి "ఇప్పుడు వద్దు" అనాలి. వద్దంటే తీయకూడదని అలా అలవాటవుతుంది. ఇతర పిల్లల ముఖాలున్న ఫొటోలను గ్రూపుల్లో పెట్టకండి. కెమెరా సెట్టింగుల్లో స్థలం నమోదయ్యే ఏర్పాటును ఆపేయండి.

ఇక కెమెరా కొనడం. ఆన్‌లైన్‌లో దొరికే రంగురంగుల పిల్లల కెమెరాల్లో చాలావాటికి ఇంట్లో మసక వెలుతురు చాలదు, నొక్కిన తరవాత ఆలస్యంగా తీస్తాయి, పైగా లోపల గేములు ఉంటాయి. ఆ గేములే ఆట అయిపోతాయి. ఇన్‌స్టాక్స్ లాంటి వెంటనే అచ్చయ్యే కెమెరా అయితే వేరే విషయం. పెట్టెకు పది ఫిల్ములే వస్తాయి, కాబట్టి పిల్ల నొక్కే ముందు ఆగి చూస్తుంది. ఖరీదు మాత్రం తగులుతుంది. పుట్టినరోజుకు ఒక పెట్టె అన్నట్టు పెట్టుకుంటే సరి. పిల్లల కోసం చవక కెమెరా అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1900లో కొడాక్ ఒక్క డాలరుకు అమ్మిన అట్టపెట్టె కెమెరాకు బ్రౌనీ అని పేరు పెట్టింది. పామర్ కాక్స్ అనే చిత్రకారుడు గీసిన, పిల్లలకు ప్రాణమైన బుల్లి మాయామనుషుల పేరు అది. ఆ బొమ్మల్నే కెమెరా పెట్టె మీద కూడా ముద్రించారు.

మీ మామగారి కోపం న్యాయమైనదే. పాత ఫోనులో సిమ్ తీసేయండి, ఇంటర్నెట్ ఆపేయండి, కెమెరా తప్ప మిగతా ఆప్‌లన్నీ తీసేయండి. ఆట ఇరవై నిమిషాలు. అయిపోగానే ఫోను తాతయ్య చేతికి ఇవ్వాలి, మళ్ళీ కావాలంటే ఆయన్నే అడగాలి. అంతకంటే మంచిది, చీకటి గదికి అట్టలు కోసే పని ఆయనకే అప్పగించండి. ఎండ బాగా ఉన్న ఆదివారం చూసుకుని, పన్నెండు ఒంటిగంట మధ్య మొదలుపెట్టండి. నల్ల టేపు ఒక చుట్ట ఎక్కువే తెచ్చుకోండి, తలుపు కింద సందుకు చాలా పడుతుంది.